నాన్న మెదడు రిపోర్టులో ఉన్నవి నా మెదడులోనూ మొదలయ్యాయా?

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ నాన్నగారికి 44 ఏళ్లకే మతిమరుపు మొదలైంది, 53కి పోయారు. అంతకుముందు మీ పెదనాన్నగారికీ ఇదే జరిగింది. నాన్నగారి మెదడును మీ కుటుంబం పరిశోధనకు దానం చేసింది. వాళ్లు పంపిన రిపోర్టులో మెదడు బరువు 980 గ్రాములనీ, బాగా కుంచించుకుపోయిందనీ, ప్లాక్‌లు, టాంగిల్స్ విపరీతంగా ఉన్నాయనీ, రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ ఉందనీ, ప్రెసెనిలిన్-1 జన్యువులో మ్యుటేషన్ దొరికిందనీ రాశారు. మీకిప్పుడు 31. మీరు అడిగినవి మూడు. ఇవి ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ మార్పులేనా, వేరేవా? మీ మెదడులో ఇప్పటికే మొదలయ్యాయా? ఇక అడగాలా వద్దా అని తటపటాయిస్తూ అడిగిన మూడోది: చివరి నెలల్లో ఎవరినీ గుర్తుపట్టని నాన్న, మీరు చెయ్యి పట్టుకుంటే మాత్రం శాంతించేవారు, ఆ స్పర్శ ఆయనకు తెలిసేదా?

నేను ఇరవై రెండేళ్లుగా మెదడు కణజాలం పరీక్షించే ప్యాథాలజిస్టుని. మీలాంటి కుటుంబాల నుంచి వచ్చిన మెదళ్లు చాలానే చూశాను, ఆ కుటుంబాలతో కూర్చుని మాట్లాడాను కూడా. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్‌కి సూటి జవాబు. నాన్నగారి మ్యుటేషన్ మీకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. రాకపోయి ఉంటే ఆ రిపోర్టులో ఉన్న జబ్బు ఆ దారిన మీకు రాదు, మీ పిల్లలకూ రాదు. వచ్చి ఉంటే, నాన్నగారికి లక్షణాలు మొదలైన వయసుకు మీరింకా 13 ఏళ్ల దూరంలో ఉన్నారు కాబట్టి, అమిలాయిడ్ అనే ప్రొటీన్ చేరడం ఇప్పటికే మొదలై ఉండే అవకాశం ఎక్కువ. కానీ అమిలాయిడ్ చేరడం, నాన్నగారి రిపోర్టులో ఉన్న విధ్వంసం ఒకటి కావు. ఆ రెంటికీ మధ్య చాలా ఏళ్లు ఉంటాయి. మీరు చదివిన రిపోర్టు జబ్బు ఆఖరి రోజున తీసిన ఫోటో లాంటిది. దాన్ని 31 ఏళ్ల మనిషి తన అద్దం అనుకోకూడదు.

మొదటి ప్రశ్నకు: మార్పుల రకం చాలావరకు అదే. మొదలయ్యే వయసు, మొదలయ్యే చోటు, పేరుకునే మోతాదు వేరు. దీన్ని కొంచెం విడమరిచి చెప్తాను.

మెదడు మా దగ్గరికి వచ్చాక రెండు మూడు వారాలు ఫార్మలిన్‌లో ఉంచుతాం. మెత్తగా జారిపోయే కణజాలం అప్పటికి గట్టిపడుతుంది. తూకం వేస్తాం. పెద్దవాళ్ల మెదడు మామూలుగా 1200 నుంచి 1400 గ్రాములు ఉంటుంది. 980 అంటే సుమారు పావు వంతు పోయినట్టు. తర్వాత ముందు నుంచి వెనక్కి సుమారు సెంటీమీటరు మందంతో ముక్కలు కోసి, పళ్లెంలో వరుసగా పేరుస్తాం. మీ నాన్నగారి లాంటి మెదడులో కత్తి దిగిన మొదటి కోతలకే తేడా తెలిసిపోతుంది. మడతలు సన్నబడి, వాటి మధ్య సందులు వెడల్పవుతాయి. లోపల నీరుండే గదులు ఉబ్బి, చుట్టూ ఉన్న పదార్థం గోడలా పలచబడుతుంది. కొత్త జ్ఞాపకాలు నిలబడటానికి కావలసిన హిప్పోక్యాంపస్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చుట్ట చుట్టుకుని బొద్దుగా కనిపిస్తుంది. జబ్బు ముదిరిన మెదడులో అది ఎండి ముడుచుకున్న ఆకులా ఉంటుంది.

ఆ ముక్కల్లోంచి తపాలా బిళ్లంత భాగాలు తీసి, మైనంలో దించి, జుట్టు కన్నా సన్నని పొరలుగా కోసి, వెండి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతాం. అప్పుడు రెండు రకాల నల్లటి గుర్తులు కనిపిస్తాయి. కణాల బయట, అంచులు చెదిరిన సిరా మరకల్లా ఉండేవి ప్లాక్‌లు. వాటిలో ఉండేది అమిలాయిడ్ బీటా. కణాల లోపల మంట నాలుకలా పైకి సాగినట్టు ఉండేవి టాంగిల్స్. వాటిలో ఉండేది టౌ అనే ప్రొటీన్. 1906లో ఆలోయిస్ అల్జీమర్ జర్మనీలో ఒక సభలో వివరించింది ఈ రెంటినే. ఆయన మెదడు పరీక్షించిన రోగి కూడా వయసు మళ్లిన మనిషి కాదు, యాభైల్లోనే జబ్బుతో చనిపోయింది.

టాంగిల్ గురించి ఒక్క విషయం చెప్పాలి, మీ ప్రశ్నకు అది ముఖ్యం. నాడీకణం బతికి ఉండగా టాంగిల్ దాని కడుపులో ఉంటుంది, చుట్టూ కణం ఆకారం తెలుస్తూనే ఉంటుంది. కణం చనిపోయాక దాని గోడ, కేంద్రకం అన్నీ పోతాయి, ఆ ముడి ఒక్కటే మిగిలిపోతుంది. వీటిని మేం దెయ్యపు టాంగిల్స్ అంటాం. హిప్పోక్యాంపస్‌లో ఒక పక్కన వరుసలు వరుసలుగా నాడీకణాలు ఉండాల్సిన చోట ఈ ఒట్టి ముడులే మిగిలితే, అక్కడ ఒకప్పుడు ఎన్ని కణాలుండేవో వాటిని చూసే లెక్కపెట్టుకోవాలి. మనిషి జ్ఞాపకం, మాట, దారి గుర్తుపట్టడం ఎంతమేరకు పోయాయన్నది ప్లాక్‌ల లెక్క కన్నా ఈ టౌ ముడులు ఎక్కడెక్కడికి పాకాయన్న దానికే బాగా సరిపోలుతుంది. హైకో బ్రాక్, ఈవా బ్రాక్ 1991లో ఈ పాకుడుని ఆరు దశలుగా విడదీశారు. మేం ఇప్పటికీ రిపోర్టుల్లో ఆ దశ సంఖ్యే రాస్తాం. మీ నాన్నగారి రిపోర్టులో కూడా ఉండి ఉంటుంది, చూడండి.

ఇక ఆ జన్యువు చేసే పనేంటి? నాడీకణాల పైపొరలో ఏపీపీ అని ఒక పొడవాటి ప్రొటీన్ ఉంటుంది. దాన్ని రెండు కత్తెరలు వరుసగా కోస్తాయి. రెండో కత్తెరకు గామా సిక్రెటేజ్ అని పేరు, దాని అసలు బ్లేడే ప్రెసెనిలిన్. అది సక్రమంగా ఉంటే ఎక్కువగా 40 అమైనో ఆమ్లాలున్న ముక్కలు తయారవుతాయి, అవి కరిగి కొట్టుకుపోతాయి. మ్యుటేషన్ ఉన్న బ్లేడు కొయ్యాల్సినంత కొయ్యకుండా మధ్యలోనే వదిలేస్తుంది. దాంతో 42 ఉన్న పొడుగు ముక్కల పాలు పెరుగుతుంది. ఆ రెండు అదనపు ఆమ్లాల వల్ల అవి ఒకదానికొకటి అతుక్కునే గుణం చాలా ఎక్కువ. మామూలు అల్జీమర్స్‌లో సమస్య ఎక్కువగా ఊడ్చే వైపు ఉంటుంది, అంటే తయారైన అమిలాయిడ్‌ను మెదడు వదిలించుకోలేకపోతుంది. మీ కుటుంబంలో అది తయారయ్యే చోటే తేడా.

ఈ దారిలో వచ్చే జన్యువులు మూడు. 21వ క్రోమోజోమ్ మీద ఏపీపీ (దీని మ్యుటేషన్ ఒకటి 1991లో లండన్ బృందం పట్టుకుంది), 14వ దాని మీద ప్రెసెనిలిన్-1, 1వ దాని మీద ప్రెసెనిలిన్-2 (ఈ రెండూ 1995లో). మొత్తం అల్జీమర్స్ రోగుల్లో ఇలాంటివాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులు ఉంటాయి కాబట్టి ఏపీపీ కూడా మూడు ప్రతులు ఉంటుంది. నలభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో దాదాపు అందరి మెదడులోనూ ఇవే ప్లాక్‌లు, టాంగిల్స్ కనిపించడానికి కారణం అదే.

మరి ఒక స్లైడ్ చేతికిచ్చి ఇది వంశపారంపర్యమా, మామూలుదా చెప్పమంటే చెప్పగలనా? చాలాసార్లు చెప్పలేను. కానీ అనుమానం కలిగించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ప్రెసెనిలిన్-1 మ్యుటేషన్లు కొన్నింటిలో దూది ఉండల్లాంటి పెద్ద పెద్ద గుండ్రటి ప్లాక్‌లు వస్తాయి, మధ్యలో గట్టి గింజ ఉండదు. వీటిని దూది ప్లాక్‌లనే అంటారు. ఇవి ఉన్న కుటుంబాల్లో కొందరికి మతిమరుపుతో పాటు కాళ్లు బిగుసుకుపోయి నడక పాడవుతుంది. నాన్నగారికి కాళ్ల బిగువు ఉండేదా? ఉంటే మీ న్యూరాలజిస్టుకు తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, అమిలాయిడ్ మామూలుగా మెదడు పైపొరలో మొదలై తర్వాత లోతుకు వెళ్తుంది. ఈ కుటుంబాల్లో మాత్రం లోతున ఉండే స్ట్రయేటమ్‌లో చాలా ముందుగానే చేరడం పెట్ స్కాన్లలో (బతికున్న మనిషి మెదడులో అమిలాయిడ్ ఎక్కడ చేరిందో చూపే స్కాన్లు) కనిపిస్తుంది.

రక్తనాళాల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మీ రిపోర్టులో అది ఉంది. కాంగో రెడ్ అనే రంగు వేసి, స్లైడ్‌ను ధ్రువీకరించిన కాంతిలో తిప్పితే, చీకట్లోంచి చిన్న చిన్న లేత పచ్చటి ఉంగరాలు వెలుగుతూ బయటపడతాయి. ఆ ప్రతి ఉంగరం ఒక రక్తనాళం గోడ. కండర కణాలు ఉండాల్సిన గోడలో అమిలాయిడ్ చేరి, నాళం పెళుసుబారి ఉంటుంది. ప్రెసెనిలిన్-1లో 200వ స్థానం దాటాక వచ్చే మ్యుటేషన్లలో ఇది ఎక్కువగా చూస్తాం. ఏపీపీలో డచ్ మ్యుటేషన్ అనేదానిలోనైతే జబ్బంతా దాదాపు రక్తనాళాల్లోనే, వాళ్లకు మతిమరుపు కన్నా ముందు మెదడులో రక్తస్రావాలు వస్తాయి. మీకు ఇది ఎందుకు అవసరమంటే: అమిలాయిడ్‌ను తొలగించే కొత్త యాంటీబాడీ మందులకు మెదడులో వాపు, రక్తస్రావం తెచ్చే ముప్పు ఉంది, రక్తనాళాల్లో అమిలాయిడ్ ఉన్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. రేపు మీరు ఏ ట్రయల్‌లో చేరాలనుకున్నా, ఏ మందు గురించి మాట్లాడినా, రిపోర్టులోని ఆ ఒక్క వాక్యం డాక్టరు చేతిలో ఉండాలి.

వయసు తెచ్చే తేడా ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. 85 ఏళ్ల మనిషి మెదడులో అల్జీమర్స్ ఒంటరిగా ఉండటం అరుదు. పాత చిన్న చిన్న స్ట్రోకులు, గట్టిపడిన నాళాలు, టీడీపీ-43 అనే మరో ప్రొటీన్ ముద్దలు, అన్నీ కలగలిసి ఉంటాయి. ఏది ఎంత నష్టం చేసిందో తేల్చడం కష్టం. 53 ఏళ్లకు పోయిన మీ నాన్నగారి లాంటివారి మెదడులో ఆ గందరగోళం తక్కువ. లెవీ బాడీలు అనే గుండ్రటి ముద్దలు అమిగ్డలా ప్రాంతంలో తరచు కనిపిస్తాయి, అది మినహాయిస్తే జబ్బు తనంతట తానుగా ఏం చేస్తుందో స్పష్టంగా తెలుస్తుంది. అల్జీమర్స్ గురించి ఈరోజు మనకు తెలిసినదానిలో చాలా భాగం ఇలాంటి కొద్ది కుటుంబాల దయ. మీ అమ్మగారు దానపత్రం మీద సంతకం పెట్టడానికి ఎంత మథనపడ్డారో రాశారు. ఆ నిర్ణయం వృథా పోలేదని ఆవిడకు నా మాటగా చెప్పండి.

ఇప్పుడు కాలం సంగతి. లక్షణాలు రాకముందే ఇలాంటి కుటుంబాల వాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తున్న డయాన్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2012లో ఇచ్చిన లెక్కలు చాలామందిని కదిలించాయి. కుటుంబంలో లక్షణాలు మొదలయ్యే వయసుకు సుమారు 25 ఏళ్ల ముందే వెన్ను నీటిలో అమిలాయిడ్ బీటా 42 తగ్గడం మొదలవుతుంది, అంటే అది మెదడులో చిక్కుకుంటోందన్నమాట. 15 ఏళ్ల ముందు పెట్ స్కాన్‌లో అమిలాయిడ్ కనిపిస్తుంది, వెన్ను నీటిలో టౌ పెరుగుతుంది, మెదడు పరిమాణంలో కొద్దిపాటి తగ్గుదల మొదలవుతుంది. 10 ఏళ్ల ముందు మెదడు చక్కెర వాడుకోవడం మందగిస్తుంది. ఇవి గుంపు సగటులు. ఒక్కొక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి అటూ ఇటూ తేడాలుంటాయి. ప్రెసెనిలిన్-1లో మొదలయ్యే వయసు తల్లిదండ్రుల వయసుకు చాలావరకు దగ్గరగానే ఉంటుంది, అలాగని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోగలిగిన తేదీ అయితే కాదు.

ఈ దారిలో గట్టి మినహాయింపు ఒకటి కొలంబియాలో దొరికింది. అక్కడ ఆంటియోకియా ప్రాంతంలో ప్రెసెనిలిన్-1లో ఈ280ఏ అనే మ్యుటేషన్ ఉన్న ఒక పెద్ద వంశాన్ని డాక్టర్ ఫ్రాన్సిస్కో లోపెరా బృందం దశాబ్దాల పాటు వెంట ఉండి చూసింది. ఆ వంశంలో జ్ఞాపకశక్తి సమస్యలు సగటున 44 ఏళ్లకు మొదలవుతాయి. ఒకామె మాత్రం డెబ్బైలు వచ్చేదాకా బాగానే ఉంది. స్కాన్ తీస్తే మెదడు నిండా అమిలాయిడ్, అందరికన్నా ఎక్కువే. టౌ మాత్రం చాలా తక్కువ. ఆమెకు అపోఈ అనే మరో జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు రెండు ప్రతులూ ఉన్నాయని 2019లో ప్రకటించారు. నాకు ఆ వార్త చదివిన రోజు బాగా గుర్తు. మ్యుటేషన్ ఉన్నా, అమిలాయిడ్ నిండినా, మెదడు ముప్ఫై ఏళ్లు నిలబడగలదని ఒక నిజమైన మెదడులో కనిపించింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. అమిలాయిడ్ నుంచి టౌకి వెళ్లే దారిలో అడ్డుకట్ట వేయగల చోటు ఒకటి ఉందని దాని అర్థం. ఇప్పుడు మందులు వెతికేవాళ్లు ఆ చోటు మీదే కన్నేశారు.

మీ ప్రశ్న ఇతరులూ చదువుతారు కాబట్టి ఒక హెచ్చరిక. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులో మతిమరుపు వచ్చిందంటే అది అల్జీమర్సే అనుకోకండి. నేను చేసిన తప్పే చెప్తాను.

2008లో 58 ఏళ్ల ఒకావిడ మెదడు నా బల్ల మీదికి వచ్చింది. ఆవిడకు మొదట మారింది జ్ఞాపకం కాదు, స్వభావం. ఎవరినీ నొప్పించని మనిషి పరాయివాళ్లను ముఖం మీదే తిట్టడం మొదలుపెట్టింది. కొన్నేళ్లు మానసిక సమస్య అన్నారు, తర్వాత అల్జీమర్స్ అన్నారు. ముక్కలు కోసినప్పుడు నుదుటి వెనక భాగాలు కత్తి అంచంత సన్నబడి ఉన్నాయి. స్లైడ్లలో ప్లాక్‌లు కొన్ని ఉన్నాయి, టాంగిల్స్ తక్కువే. ఆ మాత్రం మార్పులు అంత నష్టానికి సరిపోవని నాకు అనిపించింది. అనిపించినా, ఆస్పత్రి వాళ్లు పెట్టిన పేరుకే మొగ్గి "అల్జీమర్స్ తరహా మార్పులు" అని రాసి సంతకం చేశాను. అయిదేళ్లకు ఆవిడ తమ్ముడికి చేతుల్లో బలం తగ్గింది, కండరాలు కరిగిపోయాయి, మోటార్ న్యూరాన్ జబ్బు అని తేలింది. ఆ కుటుంబం మళ్లీ నా దగ్గరికి వచ్చింది. గోదాములోంచి పాత మైనపు దిమ్మలు తీయించి, పీ62 అనే ప్రొటీన్ కోసం రంగు వేసి చూశాను. సెరిబెల్లంలో (చిన్న మెదడులో), మామూలు రంగుతో నాకు నిక్షేపంగా కనిపించిన చోట, చిన్న చిన్న కణాల్లో గోధుమ రంగు చుక్కలు, అక్కడక్కడా నక్షత్రాల్లాంటి ముద్దలు. అది సీ9ఓఆర్ఎఫ్72 జన్యువు సంతకం.

ఆ జన్యువులో ఆరు అక్షరాల తునక ఒకటి ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో కొద్దిసార్లే వచ్చే ఆ తునక, జబ్బు ఉన్నవాళ్లలో వందలు, వేల సార్లు రిపీట్ అవుతుంది. ఇది 2011లో బయటపడింది. ఒకే ఇంట్లో ఒకరికి స్వభావం మారే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాగా, ఇంకొకరికి కండరాల జబ్బుగా, కొందరికి రెండూగా రావచ్చు. 2008లో ఆ జన్యువు పేరు ఎవరికీ తెలియదు, నిజమే. కానీ "నేను చూసిన మార్పులు ఈ నష్టానికి సరిపోవడం లేదు" అనే ఒక్క వాక్యం రాయడానికి జన్యువు పేరు తెలియక్కర్లేదు. రాసి ఉంటే ఆ కుటుంబం అయిదేళ్లు తప్పు పేరుతో బతికేది కాదు. అప్పటినుంచి ఆ వాక్యం అవసరమైన ప్రతి రిపోర్టులో రాస్తున్నాను.

ఫ్రంటోటెంపొరల్ జబ్బుల్లో ఇంకో రెండు జన్యువులు తెలిసి ఉండాలి. రెండూ 17వ క్రోమోజోమ్ మీదే, ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి, అందుకే చాలాకాలం శాస్త్రవేత్తలే తికమకపడ్డారు. ఒకటి టౌ జన్యువు, 1998లో దొరికింది. ఇందులో అమిలాయిడ్ అవసరం లేకుండానే టౌ తనంతట తాను ముద్దలు కడుతుంది, నాడీకణాల్లోనే కాదు, వాటికి ఆసరాగా ఉండే గ్లియా కణాల్లో కూడా. రెండోది ప్రోగ్రాన్యులిన్, 2006లో. ఇక్కడ చెడు ప్రొటీన్ తయారవదు. రెండు ప్రతుల్లో ఒకటి మూగబోయి, ఉండాల్సిన ప్రొటీన్ సగానికి పడిపోతుంది. కణాల్లో చేరేది టీడీపీ-43. ముక్కలు కోస్తే చాలాసార్లు ఒక పక్క మెదడు కుంచించుకుపోయి, రెండో పక్క అంతగా తగ్గకుండా ఉంటుంది. ప్రోగ్రాన్యులిన్, సీ9ఓఆర్ఎఫ్72 కుటుంబాల్లో తల్లికి వచ్చిన వయసును బట్టి కొడుకు వయసు ఊహించడం కుదరదు, ఇరవై ఏళ్ల తేడాలు కూడా ఉంటాయి.

మిగతా వంశపారంపర్య జబ్బులు క్లుప్తంగా, బ్రాకెట్లలో జన్యువు దొరికిన ఏడాది. కాడాసిల్‌లో (నాచ్-3 జన్యువు, 1996) అసలు జబ్బు చిన్న ధమనుల గోడల్లో. మైగ్రేన్, చిన్న వయసులో స్ట్రోకులు, తర్వాత డిమెన్షియా. ఎమ్మారైలో కణతల దగ్గరి తెల్ల పదార్థంలో మచ్చలు దీనికి పెద్ద ఆధారం, చర్మం ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినా దొరుకుతుంది. హంటింగ్టన్‌లో (1993) సీఏజీ అనే మూడక్షరాలు 40 సార్లు, అంతకు మించి రిపీట్ అయితే జబ్బు తప్పదు. లోతున ఉండే కాడేట్ అనే భాగం ముందుగా చదునైపోతుంది. వంశపారంపర్య ప్రయాన్ జబ్బుల్లో (ప్రయాన్ అంటే ఆకారం చెడిన ఒక ప్రొటీన్) కణజాలం స్పాంజిలా చిల్లులు పడుతుంది, నిద్ర పూర్తిగా పోయే రకంలో ఎక్కువ దెబ్బ థలమస్ మీద పడుతుంది. ఇన్ని రకాల నష్టానికీ బయట వాడే పేరు ఒక్కటే, డిమెన్షియా.

మీ విషయంలో ఆ వెతుకులాట అయిపోయింది. పేరు, జన్యువు రెండూ చేతిలో ఉన్నాయి. ఇక మీరు చేయాల్సినవి.

రిపోర్టు పూర్తి కాపీ తీసుకోండి. అందులో మ్యుటేషన్ కచ్చితమైన పేరు, అంటే అక్షరం, సంఖ్య, అక్షరం, ఉందో లేదో చూడండి. "ప్రెసెనిలిన్-1 మ్యుటేషన్" అని మాత్రమే ఉంటే సరిపోదు. ఇప్పటిదాకా ఆ జన్యువులో 300కు పైగా మార్పులు నమోదయ్యాయి, అన్నీ ఒకలా ప్రవర్తించవు, కొన్ని జబ్బు తెస్తాయో లేదో కూడా తేలలేదు. మైనపు దిమ్మలు, గడ్డకట్టించిన కణజాలం ఎంతకాలం దాచుతారో అడిగి రాయించుకోండి. నా తప్పు దిద్దుకోగలిగింది ఆ దిమ్మలు మిగిలి ఉండబట్టే.

పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మీదే. చేయించుకోవాలనుకుంటే జన్యు కౌన్సెలర్ దగ్గరే మొదలుపెట్టండి. ఇంటికి తెప్పించుకునే కిట్‌తో ఆ పని చేయకండి. ఆ కిట్లు ఎక్కువగా చెప్పేది అపోఈ గురించి. అపోఈ4 ముప్పు పెంచే జన్యువు మాత్రమే, ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, మీ ఇంటి మ్యుటేషన్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. మీ ఐదేళ్ల పాపకు ఇప్పుడు పరీక్ష వద్దు. పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. మరో బిడ్డను కనాలనుకుంటే, మీ ఫలితం మీకు చెప్పకుండానే మ్యుటేషన్ లేని పిండాన్ని ఎంచుకునే పద్ధతులు కొన్నిచోట్ల ఉన్నాయి, కౌన్సెలర్‌ను అడగండి.

ఊరికే ఒక ఎమ్మారై తీయించుకుని నార్మల్ అని వస్తే ఊరట పడదామని రాశారు. 31 ఏళ్లకు మ్యుటేషన్ ఉన్నవాళ్ల ఎమ్మారై కూడా మామూలుగా చూస్తే నార్మల్‌గానే ఉంటుంది. ఆ కాగితం మీ ప్రశ్నకు జవాబు కాదు. తాళాలు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నానని కూడా రాశారు. పగలు ఉద్యోగం, రాత్రి నిద్ర లేకుండా ఈ ఆలోచన, మధ్యలో చిన్న పాప. ఆ మరుపుకు ముందు నిద్రను అనుమానించండి. నయం చేసే మందు ఇంకా రాలేదు. లక్షణాలు రాకముందే మ్యుటేషన్ ఉన్నవాళ్లకు మందులిచ్చి చూసే ట్రయల్స్ మాత్రం నడుస్తున్నాయి. వాటిలో కొన్నింటిలో చేరడానికి మీ ఫలితం మీకు తెలియాల్సిన పని లేదు.

చివరగా, నాన్నగారి చెయ్యి.

ఆయన స్లైడ్లు నేను చూడలేదు, చూసినట్టు మాట్లాడను. నేను చూసిన మెదళ్లలో సంగతి చెప్తాను. అల్జీమర్స్ మెదడులో అన్ని చోట్లా ఒకేలా పాడవదు. నడినెత్తి నుంచి కిందికి దిగే ఒక లోతైన గాడికి ముందు కదలికల పట్టీ, వెనక స్పర్శ పట్టీ ఉంటాయి. జబ్బు చివరి దశకు చేరిన మెదళ్లలో కూడా, చుట్టుపక్కల మడతలన్నీ సన్నబడినా, ఈ రెండు పట్టీలు మిగతావాటికన్నా బొద్దుగా మిగిలి ఉంటాయి. పళ్లెంలో ముక్కలు పేర్చినప్పుడు వేలు పెట్టి చూపించవచ్చు. మైక్రోస్కోప్ కింద కూడా అక్కడి పెద్ద నాడీకణాలు చాలావరకు వరుస తప్పకుండా నిలబడి ఉంటాయి. పేరు గుర్తుచేసే చోటు పోయి, ముఖం గుర్తుపట్టే చోటు పోయి, ఎదుటి మనిషి ఎవరో తెలియకపోయినా, చేతిని ఇంకో చెయ్యి పట్టుకున్న వెచ్చదనం చేరే చోటు ఉంటుంది. అది తెలిసేదని నేను నమ్ముతాను.

మీకు కావాలనిపిస్తే, దానం తీసుకున్న కేంద్రం వాళ్లను మోటార్ కార్టెక్స్ (కదలికల పట్టీ) స్లైడ్ ఉందా అని అడగండి. చాలా కేంద్రాలు ఆ భాగం తీసి ఉంచుతాయి. అక్కడి ప్యాథాలజిస్టు పక్కన కూర్చుని చూపించమని అడగవచ్చు. నన్ను అలా అడిగిన కొడుకులు, కూతుళ్లు కొందరు ఉన్నారు, నేను ఎవరికీ కాదనలేదు.